రౌటరు ముందు బిందె

నాగశివ ఉద్యోగం నా మంచినీళ్ల బిందె వెనక ఇరుక్కుందని నాకు తెలిసేసరికి మూడు కంప్లైంట్లు అయిపోయాయి. నాలుగోది కూడా వస్తే అతణ్ణి లైను పని నుంచి పీకేసి, బాపట్ల గోడౌనులో వైరు చుట్టలకు కాపలా పెడతారట. ఈ సంగతి ముందే తెలిస్తే నేనంత సిగ్గులేని పని చేసేదాన్నా? ఏమో, చేసేదాన్నేనేమో కూడా. ముందు మా ఆయన సంగతి వినండి, తీర్పు తర్వాత చెబుదురుగాని.

మా ఆయన కోటేశ్వరరావు తెనాలి బస్టాండులో ముప్పై ఒక్క ఏళ్లు మైకు ముందు కూర్చున్న మనిషి. "రేపల్లె వెళ్లవలసిన ప్రయాణికులకు విజ్ఞప్తి" అని ఆ గొంతు లేచిందంటే పకోడీలు తినేవాళ్లు కూడా పొట్లం మూసి పరిగెత్తేవాళ్లు. ఇంటికొచ్చాక మాత్రం ఆ నోట్లో నుంచి మాట ఊడిపడేది కాదు. అన్నం, మజ్జిగ, నిద్ర, అంతే. నేను హాయిగా ఉన్నాను. పొద్దున ఎనిమిదింటికి ఆయన గడప దాటితే చెంచుపేటలో ఈ ఇల్లు నాది. మధ్యాహ్నం మరీ నాది. పెరట్లో మడత మంచం వాల్చుకుని కూర్చుంటే పక్కింటి అక్తర్ బేగం వచ్చేది. ఇద్దరం కలిసి ఊళ్లో ఒక్క ఇల్లు కూడా వదలకుండా అందరి సంగతులూ మాట్లాడుకునేవాళ్లం.

పోయిన ఏడాది ఆయన రిటైరయ్యారు. గొంతు మాత్రం కాలేదు. రెండు నెలలు ఇంట్లో పిచ్చిపట్టినట్టు తిరిగి, ఎవరి పెళ్లిలోనో చూసొచ్చి, నాలుగు వైర్‌లెస్ స్పీకర్లు కొన్నారు. వంటింట్లో ఫ్రిజ్ మీద ఒకటి, హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి, పెరటి వసారాలో ఒకటి. హాలుకీ వంటింటికీ మధ్య గోడ గూట్లో ఇంటర్నెట్ రౌటరు ఉంది. ఆయన మేడమీద గదిలో కూర్చుని ఫోన్లో మాట్లాడితే, ఆ రౌటరు అందుకుని నాలుగు స్పీకర్లకూ పంచుతుంది. వైరు లేదు, గోల మాత్రం ఉంది.

మొదటి రోజు నేను పప్పు తాలింపు వేస్తుంటే ఫ్రిజ్ మీద నుంచి గొంతు లేచింది. "ఇంట్లోని వారికి విజ్ఞప్తి. మాణిక్యాంబ గారు ఎక్కడ ఉన్ననూ వెంటనే మేడమీదకు రావలెను. కళ్లజోడు కనబడుట లేదు."

నా చేతిలో గరిటె కింద పడింది. ఇంట్లోని వారంటే నేనొక్కదాన్నే. పైగా ఏది చెప్పినా రెండుసార్లు చెబుతారు, బస్టాండు అలవాటు. మెట్లెక్కి పైకి వెళ్తే కళ్లజోడు ఆయన నుదుటి మీదే ఉంది. ఒకరోజు ఒళ్లు మండి లెక్కపెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు లోపల పదిహేడు విజ్ఞప్తులు. ఫ్యాను స్పీడు తగ్గించడానికి ఒకటి, తగ్గించినందుకు ధన్యవాదాలు ఒకటి. ఇదేం చోద్యమండీ అంటే, "మనిషికి ఏదో ఒక పని ఉండాలిగా" అన్నారు.

బిందె సంగతి నేను కావాలని కనిపెట్టింది కాదు, దేవుడి మీద ఒట్టు. వంటింట్లో బిందె పెట్టుకునే పీట కాలు విరిగింది. ఎక్కడ పెట్టాలో తెలియక నీళ్లతో నిండా ఉన్న స్టీలు బిందెను తీసుకెళ్లి గూట్లో రౌటరు ముందు పెట్టాను. పది నిమిషాలకు స్పీకరు మొదలెట్టింది. "ఇంట్... విజ్ఞ... మాణి... గారు... నుట లేదు." తర్వాత మౌనం. మళ్లీ "హలో, హలో" అని మేడమీద నుంచి ఆయన అసలు గొంతు, ఫోన్లోకి గట్టిగా అరుస్తున్నారు. స్పీకర్లకు మాత్రం ఒక ముక్క అందితే నాలుగు ముక్కలు అందడం లేదు. నేను బిందె దింపాను. గొంతు గంట కొట్టినట్టు వచ్చింది. బిందె ఎక్కించాను. తెగిపోయింది. మరో రెండుసార్లు చేసి చూశాను. ఆ తర్వాత వంటింటి తలుపు దగ్గరికి వేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

ఆ రోజు నుంచి ఒంటిగంటకు బిందె ఎక్కేది, నాలుగింటికి దిగేది. పీట బాగుచేయించాలనే ఆలోచన నాకు రాలేదు. ఆయన పిలిచి పిలిచి విసిగి, కంపెనీకి ఫోన్ చేసి కంప్లైంటు ఇచ్చారు. అలా వచ్చాడు నాగశివ.

ముప్పై నాలుగేళ్లు ఉంటాయి. నల్లగా, సన్నగా, భుజాన సంచీతో గుమ్మంలో నిలబడి, "పిన్నిగారూ, మాటలు తెగిపోతన్నయ్యంటగా, ఒకసారి చూస్తానండి" అన్నాడు. మా ఇంట్లో గడప దాటిన ఏ మనిషికైనా ముందు మంచినీళ్లు, తర్వాతే మాట. మా అత్తగారు పెట్టిన పద్ధతి. కాబట్టి నేను గూట్లోంచి బిందె దింపి, కింద పెట్టి, చెంబుతో ముంచి ఇచ్చాను. అతను తాగి, మూతి తుడుచుకుని, పని మొదలుపెట్టాడు. బిందె కింద ఉంది. ఇంకేముంది, నాలుగు స్పీకర్లూ ఖణేల్‌మని పలికాయి.

అతని పని పద్ధతే వేరు. వసారాలో స్పీకరు తీసి చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకున్నాడు. మేడమీద మా ఆయనను ఆపకుండా ఏదో ఒకటి చదువుతూ ఉండమన్నాడు. ఆయనకు అంతకంటే ఏం కావాలి, నందివెలుగు మీదుగా గుంటూరు వెళ్లే బస్సుల వేళలన్నీ మొదలెట్టారు. నాగశివ స్పీకరుతో ఇల్లంతా అడుగులో అడుగేసుకుంటూ తిరిగాడు. చొక్కా జేబులో గవ్వలున్నాయి. మాట ఎక్కడ తెగితే అక్కడ నేల మీద ఒక గవ్వ పెడతాడట. ఆ రోజు మొత్తం ఇంటికి కలిపి రెండే గవ్వలు పడ్డాయి.

"ఇవేంటయ్యా, గవ్వలాట ఆడతావా?" అన్నాను.

"మాది నిజాంపట్నమండి. గవ్వలకు కొదవ లేదండి. సుద్దముక్కతో గీస్తే ఆడోళ్లు తిడతన్నారండి, గచ్చు పాడయిందని" అన్నాడు.

నిజాంపట్నం అంటే రేపల్లె అవతల, సముద్రం మీద బతికే ఊరు. మరి నువ్వు వేటకు వెళ్లకుండా ఈ తీగలు పట్టుకున్నావేంటని అడిగాను. నాకు నోరూరుకోదు. అతను చక్కగా చెప్పుకొచ్చాడు, సిగ్గుపడకుండా.

"నాకు సముద్రం పడదండి. బోటెక్కితే వాంతులండి. దిగితే తగ్గిపోద్దండి. మా తాతా మా నాన్నా అందరూ వేటగాళ్లేనండి, నాకే ఈ ఖర్మ. మా నాన్న బోట్లో పనిచేసే సింగయ్య మావ పాపం, నా పరువు పోద్దని, వీడికి జ్వరం, రాలేడని ఊరంతా చెప్పేవోడండి. మూడేళ్లు చెప్పాడండి. మూడేళ్లు జ్వరమున్నోడు ఎట్టా ఉంటాడో చూద్దామని జనం వచ్చేవోళ్లండి."

నేను నవ్వాపుకోలేకపోయాను. అతనూ నవ్వాడు. తర్వాత ఆ నిజం బయటపడి, హార్బర్లో ఎవరూ పనివ్వక, నాలుగేళ్లు ఐసు దిమ్మలు మోశాడట. పిల్లకాయలు కూడా వాంతుల శివ అని పిలిచేవారట. తర్వాత కేబుల్ పనికి చేరి, తీగ లాగడం నేర్చుకుని, ఇలా ఇంటర్నెట్ కంపెనీలోకి వచ్చాడు. రోజూ పొద్దున రేపల్లె నుంచి రైల్లో తెనాలి వస్తాడు, సాయంత్రం అదే రైల్లో వెళ్తాడు.

"ఇప్పుడు ఊళ్లో ఎవరింట్లో నెట్టాగినా నాగశివని పిలవండంటారండి. మా అమ్మ దానమ్మ చేపల గంప కిందకి దింపి మరీ చెప్పుద్దండి, మావోడు లైన్‌మేనని" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతను గవ్వలు ఏరడం ఆపేశాడు.

ఛానలేదో మార్చాడు. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ ఒకే దారిలో మాట్లాడుతున్నాయి, దారి మార్చానన్నాడు. అతను వీధి మలుపు తిరగ్గానే నేను బిందె ఎక్కించాను.

నాలుగు రోజులకు రెండో కంప్లైంటు. మళ్లీ వచ్చాడు. నేను మళ్లీ బిందె దింపి నీళ్లిచ్చాను. స్పీకర్లు మళ్లీ బ్రహ్మాండంగా పలికాయి. అతను నీళ్లు తాగి, చాలాసేపు గూడు వైపు చూస్తూ నిలబడ్డాడు. రౌటరు ముందు బిందె అడుగు మేర గుండ్రంగా తడి ఉంది. జేబురుమాలు తీసి ఆ తడి తుడిచాడు. ఎంత శుభ్రమైన మనిషో అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ రోజు రౌటరుకొచ్చే వైరు చివర్లు కత్తిరించి కొత్తగా బిగించి, వెళ్లేముందు, "పిన్నిగారూ, రౌటరుకు ఎదురుగా ఏమీ అడ్డం లేకుండా ఉంటే మంచిదండి. ముఖ్యంగా స్టీలు సామాన్లు, నీళ్లు" అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

నేను, "అలాగా" అన్నాను.

పది రోజులకు మూడో కంప్లైంటు. ఈసారి రౌటరునే మార్చి కొత్తది పెట్టాడు. నేను పెరట్లో బట్టలు తీస్తుంటే వసారా మెట్టు మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతలి మనిషి గొంతు నాకు వినిపించేంత పెద్దది. అతని ఆఫీసరు ప్రభుదాస్ అట.

"ఒకే ఇంటికి మూడుసార్లు. నీకు పని రాదా, చేతకాదా? నాలుగో కంప్లైంటు వచ్చిందంటే లైన్లో పెట్టను. బాపట్ల గోడౌనుకు పోయి కూర్చో."

"వద్దు సార్" అంటున్నాడు నాగశివ. "గోడౌన్లో కూర్చోబెడితే మా అమ్మ ఊళ్లో ఏమని చెప్పుకుద్ది సార్. బోటు మీదా పనికిరాలేదు, ఇక్కడా పనికిరాలేదంటారు సార్."

నా చేతిలో బట్టలు అలాగే ఉండిపోయాయి. ఇన్నాళ్లూ నేను మా ఆయన నోరు మూయిస్తున్నాననుకున్నాను. ఇంకొకడి అన్నం గిన్నె మీద కూర్చున్నానని తెలియలేదు. అతను వెళ్లాక బిందె తీసుకెళ్లి వంటింట్లో కింద పెట్టి, ఇక గూడు ఎక్కించేది లేదని ఒట్టు పెట్టుకున్నాను.

తొమ్మిది రోజులు నిలబడ్డాను. అది నాకు నెలతో సమానం. తల ప్రాణం తోకకొచ్చింది. మేడమీద నుంచి ఆయన చలిమిడి ఎలా చేస్తారో అడిగారు, వీధిలో వెళ్తున్న కుక్క రంగు చెప్పారు, అన్నీ రెండేసిసార్లు. అయినా ఓర్చుకున్నాను. పదో రోజు మధ్యాహ్నం అక్తర్ బేగం, ఆవిడ పుట్టింటి నుంచి వచ్చిన ముగ్గురు ఆడవాళ్లు మా వసారాలో కూర్చుని ఉన్నారు. నేను టీ కప్పులు అందిస్తున్నాను. అప్పుడు నా నెత్తి మీద స్పీకరు లేచింది.

"ఇంట్లోని వారికి విజ్ఞప్తి. మాణిక్యాంబ గారు మూడు రోజులుగా విరేచనం కాలేదని చెప్పియున్నారు. కావున త్రిఫల చూర్ణము మరువకుండా వేసుకొనవలెను."

ఆ తర్వాత రెండోసారి.

అక్తర్ బేగం చుట్టాలు టీ కప్పుల్లోకి చూస్తూ ఉండిపోయారు. బేగం మాత్రం నా చెయ్యి పట్టుకుని, "వదినా, వేడి పాలల్లో ఆముదం మంచిదంట" అంది. నా అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్లు అటు వెళ్లారో లేదో, బిందె ఎత్తి గూట్లో ధనామని పెట్టాను. నాగశివ గుర్తు రాలేదా అంటే, వచ్చాడు. వచ్చినా పెట్టాను. అదే చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం వద్దనుకుంటూనే బిందె మళ్లీ ఎక్కించి కునుకు తీశాను. లేచేసరికి గుమ్మంలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ముందు ప్రభుదాస్, ఇన్‌షర్టు చేసుకుని, చేతిలో ఫైలుతో. వెనక నాగశివ, మొహంలో నెత్తురు చుక్క లేకుండా. మా ఆయన పొద్దున్నే నాలుగో కంప్లైంటు ఇచ్చేశారట, నాతో ఒక్క మాట అనకుండా. వాళ్లను చూసి మెట్ల దాకా దిగొచ్చారు.

"సార్, ఈరోజుతో తేలిపోతుంది" అన్నాడు ప్రభుదాస్ ఆయనతో. "మా వాడి తప్పయితే వాడు బాపట్ల వెళ్తాడు. వేరే మనిషిని పెడతాను."

నేను గబగబా గూడు వైపు నడిచాను. "ముందు మంచినీళ్లు తాగండి బాబూ" అంటూ బిందె మీద చెయ్యి వేశాను.

"వద్దండి పిన్నిగారు" అన్నాడు నాగశివ.

ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ గడపలో మంచినీళ్లు వద్దన్న మనిషి లేడు. నా చెయ్యి బిందె మీదే ఆగిపోయింది. అతను నన్నే చూస్తున్నాడు, కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. అప్పుడు అర్థమైంది నాకు. ఇతనికి తెలుసు. ఆ తడి తుడిచిన రోజు నుంచీ తెలుసు.

నేను చెయ్యి తీసేశాను.

మా ఆయన మేడమీదకు వెళ్లి బస్సుల వేళలు మొదలెట్టారు. నాగశివ స్పీకరు చంకనేసుకుని నడిచాడు. గూటికి ఎడమ పక్కన మాట నిలిచింది. కుడి పక్కన నిలిచింది. బిందెకు సరిగ్గా ఎదురుగా వచ్చేసరికి "రేప... సిద్ధ... న్నది" అని ముక్కలైంది. గవ్వ. రెండడుగులు వెనక్కి, ఇంకో గవ్వ. పావుగంటలో హాల్లో నేల మీద బిందె నీడ పడినట్టు, ఇక్కడ సన్నగా మొదలై అక్కడ వెడల్పుగా, గవ్వలు పరుచుకున్నాయి. చంటిపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. ప్రభుదాస్ గవ్వల వెంట నడుచుకుంటూ వచ్చి బిందె ముందు ఆగాడు. మా ఆయన కిందకి దిగొచ్చి అతని పక్కన ఆగారు.

"ఇదెవరు పెట్టారు ఇక్కడ?" అన్నాడు ప్రభుదాస్.

నేను నోరు తెరిచేలోపే నాగశివ అన్నాడు, "నేనేనండి. రౌటరు వేడెక్కుద్ది, నీళ్లబిందె పెట్టుకుంటే చల్లగా ఉంటదని మొదటిసారి వచ్చినప్పుడు నేనే చెప్పానండి. నాదే తప్పండి."

"నీకు బుర్రుందా?" అన్నాడు ప్రభుదాస్. ఫైలు తెరిచి పెన్ను తీశాడు. "ఇక నేను చెప్పేదేముంది. బాపట్లే."

నాకు మొహం చెల్లలేదు. అయినా ఆ పెన్ను కాగితం మీద ఆనేలోపు అడ్డం వెళ్లి నిలబడ్డాను.

"అతను అబద్ధం చెబుతున్నాడు. బిందె పెట్టింది నేను. కావాలనే పెట్టాను, రోజూ పెట్టాను. ఒంటిగంటకు ఎక్కించి నాలుగింటికి దింపాను. అతను వచ్చినప్పుడల్లా నీళ్లిచ్చే వంకతో దింపేశాను. ఈయన రోజుకు పదిహేడుసార్లు పిలుస్తుంటే భరించలేక చేశాను. నిన్న చుట్టాల ముందు నా కడుపు సంగతి మైకులో చెప్పారు. దీనికి ఇతణ్ణి బాపట్ల పంపిస్తే, నన్ను కూడా పంపించండి."

మా ఆయన నా వైపు చూశారు, బిందె వైపు చూశారు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నారు.

"నెలా పదిహేను రోజులు."

ఆయన ఒక్క గవ్వా కదలకుండా జాగ్రత్తగా దాటుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయారు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ప్రభుదాస్ నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాడు. "తప్పు లైనుది కాదు, సరే మేడమ్. కానీ నాతో అబద్ధం చెప్పాడు కదా. దానికేం చెయ్యాలి?" అన్నాడు.

నేను బిందె దింపుతూ నాగశివను అడిగాను, "నీకు ముందే తెలుసు కదా. ఒక్క మాట చెబితే పోయేదానికి, నీ ఉద్యోగం మీదకు తెచ్చుకుంటావా?"

అతను వంగి గవ్వలు ఏరుకుంటున్నాడు. "బాబాయిగారి ముందు మీ పరువు పోద్ది కదండి. సింగయ్య మావ లెక్కన, మీకూ జ్వరమే అనుకున్నానండి" అన్నాడు.

అప్పుడు వంటింట్లో, హాల్లో, పడగ్గదిలో, వసారాలో, నాలుగు స్పీకర్లూ ఒకేసారి లేచాయి. ఒక్క అక్షరం కూడా తెగలేదు.

"ఇంట్లోని వారికి విజ్ఞప్తి. తెనాలి నుండి బాపట్ల వెళ్లవలసిన నాగశివ గారి సర్వీసు రద్దు చేయడమైనది. వారు భోజనము చేసి, యథావిధిగా రేపల్లె బయలుదేరవలెను."

ప్రభుదాస్ తలెత్తి స్పీకరు వైపు చూశాడు. అతను కూడా ఈ గొంతు విని చిన్నప్పుడు బస్సులకు పరిగెత్తినవాడే అయ్యుంటాడు. పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "మైకులో చెప్పాక ఇంకెవరు కాదంటారు మేడమ్" అన్నాడు.

స్పీకర్లు గొంతు సవరించుకున్నాయి.

"మరియొక విజ్ఞప్తి. మధ్యాహ్నం ఒంటిగంట నుండి నాలుగు గంటల వరకు మేడమీద నుండి వెలువడు విజ్ఞప్తులన్నియు నేటి నుండి నిలిపివేయడమైనది. మాణిక్యాంబ గారికి కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

రెండోసారి చెబుతారని చూశాను. చెప్పలేదు.

"ఇప్పుడివ్వండి పిన్నిగారు, మంచినీళ్లు" అన్నాడు నాగశివ. చెంబు నిండా ముంచి ఇచ్చాను. గటగటా తాగి, ఖాళీ చెంబు నాకిచ్చి, గూట్లో గుండ్రంగా మిగిలిన తడిని జేబురుమాలుతో తుడిచాడు. వాళ్లిద్దరికీ పీటలు వేసి, విస్తళ్లు పరిచి, అన్నం వడ్డించాను.

తర్వాత గ్లాసుతో మంచినీళ్లు పట్టుకుని మెట్లెక్కాను. ఏడాదిలో ఆయన పిలవకుండా నేను మేడెక్కడం అదే మొదటిసారి.